ట్యాంకు గేముల్లో రియలిజం: అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్ వార్‌గేములకు సినారియోలు రాస్తుంటాను. మ్యాపు గీయడం, బలగాలు పంచడం, ఎవరు గెలిచినట్టో లెక్క కట్టడం నా పని. తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: నిజంగా జరిగిన యుద్ధాన్ని ఉన్నదున్నట్టు దింపితే చాలు, గేమ్ బ్రహ్మాండంగా ఉంటుంది.

వాస్తవం: 1991 ఫిబ్రవరి 26. గల్ఫ్ యుద్ధం. ఇరాక్ ఎడారిలో 73 ఈస్టింగ్ అనే మ్యాపు గీత దగ్గర ఇసుక తుపాను. అమెరికా కెప్టెన్ మెక్‌మాస్టర్ నడిపిన ఈగిల్ ట్రూప్ అనే దళం 23 నిమిషాల్లో 28 ఇరాకీ ట్యాంకులు పేల్చేసింది. ఆ ట్రూప్‌లో ఒక్క ప్రాణమూ పోలేదు. అంత దుమ్ములోనూ అమెరికన్ల థర్మల్ సైట్లకు (వేడిని పసిగట్టి గురి చూపే పరికరాలకు) ఇరాకీ ట్యాంకుల వేడి కనిపించింది. ఇరాకీలకు ఎదుట ఎవరున్నారో తెలియలేదు. ఇప్పుడు మిమ్మల్ని ఇరాకీ వైపు కూర్చోబెట్టాననుకోండి. ఎక్కడి నుంచో గుండు వస్తుంది, ఒక ట్యాంకు మండుతుంది. ఇంకోటి వస్తుంది. మీరు మౌస్ వదిలేసి టీ పెట్టుకోవడం మేలు.

అలాగని ఇరాకీ ఫిరంగికి లేని బలం తగిలిస్తే అది మోసం. నేను ఆయుధాల జోలికి పోను, గెలుపు లెక్క మారుస్తాను. సిరియా మీద ఊహాజనిత దాడితో 2007లో వచ్చిన 'కాంబ్యాట్ మిషన్: షాక్ ఫోర్స్'లో ఈ వీలుంది. ఊరు చేజిక్కినా సరే, మనుషులు ఇంతమందికి మించి పోతే అమెరికన్ ఆటగాడికి మార్కులు పోతాయి. అప్పుడు సిరియా వైపు కూర్చున్నవాడికీ ఆడటానికి ఏదో ఒకటి మిగులుతుంది.

అపోహ: వివరాలు ఎంత ఎక్కువుంటే అంత రియలిజం.

వాస్తవం: కవచం మందం మిల్లీమీటర్లలో రాసుకోవచ్చు. కమాండర్‌కు అసలు తలనొప్పి మాత్రం శత్రువు ఎక్కడున్నాడో తెలియకపోవడం. ఇదే సిరీస్‌లో 2000లో వచ్చిన మొదటి గేమ్‌లో ఒకడు చూస్తే అందరూ చూసినట్టే. షాక్ ఫోర్స్‌లో ఎవడు చూసింది వాడికే. మిగతావాళ్లకు కబురు అందాలి. నా సినారియో టెస్ట్ చేస్తున్న మిత్రుడు ఓ రాత్రి ఫోన్ చేశాడు. "గోడ పక్కన నలుగురు జవాన్లకు శత్రువు కనిపిస్తున్నాడు, వెనకున్న నా ట్యాంకు గుడ్డిగా ముందుకెళ్లి చచ్చింది. బగ్ రా!" "బగ్ కాదురా, ట్యాంకు మూతేసుకుని లోపల కూర్చున్నవాడికి ఎవరు చెప్పారు?" తిట్టి పెట్టేశాడు. మర్నాడు ట్యాంకును ఆపి జవాన్లను ముందు పంపాడు. ఆ సినారియో ఇప్పటికీ ఆడుతున్నాడు.

అపోహ: గ్రాఫిక్స్ బాగుంటేనే నిజంలా ఉంటుంది.

వాస్తవం: 1990ల్లో అమెరికా మెరైన్లు డూమ్ 2 అనే తుపాకీ కాల్పుల గేమ్‌నే మార్చుకుని నలుగురు జవాన్ల చిన్న దళానికి (ఫైర్ టీమ్) సాధన చేయించారు. ఆ బొమ్మలు ఎలా ఉండేవో చూసినవాళ్లకు తెలుసు.

నేను చెప్పే అబద్ధం కూడా ఒకటుంది: ఎదురుచూపు. నిజంగా అయితే గంటల తరబడి పడి ఉండాలి, నా సినారియోలు మాత్రం మొదటి తూటాకు పది నిమిషాల ముందు మొదలవుతాయి. కొందరు పట్టుబడితే పూర్తి నిడివి వెర్షన్ చేసిచ్చాను. అడిగినవాళ్లు కూడా చివరిదాకా ఆడలేదు.