ఓటు పడిన రాత్రికే పౌండు చెల్లకుండా పోదు: అపోహలు, వాస్తవాలు

స్కాట్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోయి వేరే దేశం అవుతుందన్న మాట టీవీలో వచ్చిందంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. అనంతపురంలో ఒక బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్లు, విదేశాలకు డబ్బు పంపే పని చూస్తుంటాను. గ్లాస్గోలో, ఎడిన్‌బరోలో పిల్లలున్న అమ్మానాన్నలు అడిగేది ఒకటే. "సార్, ఓటు పడితే ఇంగ పౌండ్లు చెల్లవంట గదా? పిల్లోని అకౌంట్లో ఉండేదంతా వెనక్కి తెప్పించుకోమంటారా?"

వద్దు. ఎన్నిసార్లు అడిగినా ఇదే చెబుతాను. నా అనుభవంలో జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకున్నది ఈ అపోహ వల్లే.

స్కాట్లాండ్‌లో విడిపోవాలా వద్దా అని ఓటింగ్ జరిగింది 2014 సెప్టెంబర్ 18న. ఆ నెల మొదట్లో విడిపోవాలనేవాళ్లే ముందున్నారని ఒక సర్వే రాగానే పౌండు పడింది. ధర్మవరం నేతన్న ఒకాయన, ఎవరో ఏజెంటు మాట నమ్మి, కొడుకు ఖర్చులకని పంపిన ఆరు వేల పౌండ్లూ సరిగ్గా ఆ వారంలోనే వెనక్కి తెప్పించుకున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి అంతా అయిపోయింది. చొక్కా జేబులోంచి ఒక ఇరవై పౌండ్ల నోటు తీసి టేబుల్ మీద పెట్టాడు. పిల్లోడు సెలవుల్లో తెచ్చిందట. ఒక పక్క అక్కడి రచయిత వాల్టర్ స్కాట్ బొమ్మ, ఇంకో పక్క ఫోర్త్ రైలు వంతెన, పైన బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ అని పేరు. రాణి బొమ్మ లేదు. "సూడు సార్, అప్పుడే వేరే నోట్లు అచ్చేసినారు" అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టలేం. ఆ నోటు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ అక్కడ మూడు బ్యాంకులు ఎప్పటినుంచో సొంత నోట్లు అచ్చేస్తున్నాయి. అవి అచ్చేసే నోట్లకు సరిపడా విలువ విడిగా చూపించాలని చట్టం ఉంది. పేరు వేరే గానీ పౌండు అదే పౌండు. ఓటింగ్‌లో 55 శాతానికి పైగా విడిపోవద్దన్నారు, పౌండు కాస్త తేరుకుంది, ఆయన మళ్లీ డబ్బు పంపాడు. తెప్పించినప్పుడు తక్కువ రేటు, పంపినప్పుడు ఎక్కువ రేటు, రెండుసార్లు మార్పిడి ఖర్చు. ముప్పై వేల దాకా పోయింది. అది ఎన్ని చీరల కూలీయో ఆయనే నా ఎదురుగా కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టాడు.

2016 నవంబర్ 8న నోట్ల రద్దు చూశాక ఈ భయం ఇంకా పెరిగింది. ఒక్క రాత్రిలో ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లకుండా పోవడం చూసినవాళ్లం కదా. కానీ దేశం విడిపోవడం అలా జరగదు. 2014లో ఔనన్నా కూడా, వాళ్లు స్వాతంత్ర్యానికి అనుకున్న తేదీ 2016 మార్చి 24. మధ్యలో ఏడాదిన్నర బేరసారాలే. యూరోపియన్ యూనియన్‌లోంచి బయటికొస్తామని బ్రిటన్ ఓటేసింది 2016 జూన్‌లో, పూర్తిగా బయటపడింది 2020 చివర్లో. ఓటు మర్నాడు మాత్రం డాలరుతో పౌండు ఇంచుమించు 8 శాతం పడింది. అంటే రాత్రికి రాత్రి మారేది రేటు. పౌండు అక్కడే ఉంటుంది.

అసలు భయపడాల్సిన చోటు ఎక్కడో కూడా చెబుతాను. చెకోస్లోవేకియా 1993 జనవరి 1న చెక్, స్లోవాక్ దేశాలుగా విడిపోయింది, అదీ ప్రజల ఓటు లేకుండానే. కొన్నాళ్లు ఒకే కరెన్సీ వాడుకుందామనుకున్నారు. స్లోవాక్ డబ్బు విలువ తగ్గుతుందని జనం సొమ్మంతా చెక్ బ్యాంకులకు తరలించడంతో ఫిబ్రవరి 8కే తెగతెంపులు. పాత నోట్ల మీద స్టాంపులు అంటించి ఏది ఎవరిదో గుర్తుపెట్టారు. కాబట్టి విడిపోయే చోట బ్యాంకులో పెద్ద డిపాజిట్ ఉన్నవాళ్లు ఆలోచించుకోవాల్సిందే. నాలుగు నెలల ఖర్చు అకౌంట్లో ఉన్న విద్యార్థికి ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఇంకొన్ని గబగబా చెప్పేస్తాను. "దేశం విడిపోతే లోన్ మాఫీ" అన్నది పచ్చి అబద్ధం. మీరు అప్పు తీసుకున్నది రూపాయల్లో, అనంతపురం బ్రాంచిలో. అదే 2014 జూన్ 2న మన రాష్ట్రం విడిపోయింది. ప్రభుత్వ అప్పును జనాభా లెక్కన ఆంధ్రకు 58.32 శాతం, తెలంగాణకు 41.68 శాతం చొప్పున పంచుకున్నారు. హైదరాబాద్‌లో ఇల్లు కొన్నవాళ్లకు ఒక్క ఈఎంఐ అయినా తగ్గిందా?

"కంపెనీలన్నీ పారిపోతాయి" అంటారు. 2017లో స్పెయిన్ నుంచి విడిపోతామన్న కాటలోనియాలో పెద్ద బ్యాంకులు రెండూ రోజుల్లోనే రిజిస్టర్డ్ ఆఫీసును బయటికి మార్చుకున్న మాట నిజమే. అక్కడి రాజధాని బార్సిలోనాలో బ్రాంచీలు మాత్రం తెరిచే ఉన్నాయి.

"నూనె బావులుంటే చాలు, ధనిక దేశమే" అన్నది మన జిల్లావాళ్లు నమ్మకూడదు. దక్షిణ సూడాన్ 2011లో విడిపోయింది. బావులు వీళ్లవి, ఓడరేవుకు వెళ్లే పైపులైను ఉత్తర సూడాన్‌ది. రవాణా చార్జీల మీద గొడవపడి 2012 జనవరిలో ఉత్పత్తే ఆపేశారు. కర్ణాటకలోని తుంగభద్ర డ్యామ్ నుంచి వచ్చే హెచ్చెల్సీ కాలువ నీళ్ల కోసం ఎదురుచూసేవాళ్లకు ఇంకా విడమరచి చెప్పాలా?

మళ్లీ వార్త రాగానే కంగారుపడకండి. బ్రిటన్ పార్లమెంటు ఒప్పుకోకుండా స్కాట్లాండ్ తనంతట తాను ఓటింగ్ పెట్టుకోలేదని అక్కడి సుప్రీంకోర్టు 2022 నవంబర్‌లోనే తేల్చింది. నాకు ఫోన్ చేసేటప్పుడు లోన్ శాంక్షన్ లెటరు, యూనివర్సిటీ ఇచ్చిన ఫీజు తేదీల కాగితం దగ్గర పెట్టుకోండి. ఆ తేదీల ప్రకారం విడతలుగా పంపుదాం. ఏజెంటు ఏమన్నా సరే, పిల్లోని అకౌంట్లో ఉన్నది అక్కడే ఉండనీండి.