రొంప కాని రొంప

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఇళ్లలో పిల్లల ముక్కు కారితే దాన్ని రొంప అనే అంటారు. ధనుర్మాసపు మంచులో తిరిగినందుకే పట్టిందని పెద్దలు తేల్చేస్తారు. నిజమైన రొంప వైరస్ వల్ల వస్తుంది, వారం పది రోజుల్లో పోతుంది. జ్వరం లేకుండా నీళ్లలాంటి చీమిడి కారుతూ, నిద్ర లేవగానే వరసగా తుమ్ములు వస్తూ, పిల్లవాడు అరచేత్తో ముక్కును పైకి రుద్దుకోవడం నెలల తరబడి సాగితే మాత్రం అలర్జీని అనుమానించాలి.

ఈ జబ్బుతో ఎవరూ పుట్టరు. తల్లిదండ్రుల నుంచి వచ్చేది దాని వైపు మొగ్గు మాత్రమే. గాలితో ముక్కులో చేరిన ఏదో ఒక ప్రోటీన్‌ను శరీరం పొరపాటున శత్రువుగా ఎంచి, 1960ల చివర్లో శాస్త్రవేత్తలు కనుగొన్న ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని (యాంటీబాడీని) తయారుచేస్తుంది. అది ముక్కు పొరలోని మాస్ట్ కణాలనే రక్షణ కణాలకు అతుక్కుని ఉంటుంది. అప్పటికి బయటికి ఏమీ కనిపించదు. ఆ ప్రోటీన్ మళ్లీ తగిలినప్పుడు ఆ కణాలు నిమిషాల్లో హిస్టమిన్‌ అనే రసాయనాన్ని వదలడంతో దురద, తుమ్ములు మొదలవుతాయి. కొన్ని గంటల తర్వాత ఇయోసినోఫిల్ అనే తెల్లరక్తకణాలు వచ్చి చేరి వాపు పెంచుతాయి, ముక్కు బిగుసుకుపోతుంది.

శరీరం ఇలా తయారవడానికి కాలం పడుతుంది కనుకనే రెండేళ్లలోపు పిల్లల్లో ఈ జబ్బు అరుదు. మొగ్గు ఉన్న పసిపిల్లల్లో ముందు పాలు, గుడ్డు వంటి ఆహారాలపైనా, తర్వాత ఇంటి ధూళిపైనా, చాలావరకు ఆ పైనే పుప్పొడిపైనా అలర్జీ కనిపిస్తుంది. పుప్పొడి ఏడాదిలో కొన్నాళ్లే గాలిలో ఉంటుంది. ఇంటి ధూళి రోజూ ఉంటుంది.

మన తీరప్రాంతంలో ఆ ధూళికి ప్రధాన నివాసం పరుపు. మిల్లీమీటరులో మూడో వంతు ఉండే ధూళి పురుగులు మన చర్మం నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి, గాలిలోని తేమనే తాగుతాయి. సముద్రపు గాలి తేమకు వాటికి కొదవుండదు. అలర్జీ కలిగించేది ప్రధానంగా వాటి మలం. అందులోని ఒక ఎంజైము ముక్కు పొర కణాల మధ్య అతుకులను కూడా వదులు చేస్తుంది. చలికాలంలో పెట్టెలోంచి తీసి, దులపకుండా కప్పిన బొంతను వదిలిపెట్టి మంచును తప్పుపట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది! ఎండలో వేస్తే పురుగులు తగ్గవచ్చు కాని మలం మిగిలే ఉంటుంది. ఉతికితేనే పోతుంది, 60 డిగ్రీల వేడినీళ్లయితే పురుగులు కూడా చస్తాయి.

ఒకే బొంత కింద పడుకున్న అన్నదమ్ముల్లో ఒకడే తుమ్మడం చూస్తుంటాం. 1989లో బ్రిటన్‌లో డేవిడ్ స్ట్రాచన్ అనే పరిశోధకుడు గమనించిన విషయం ఇక్కడ ఆసక్తికరం: అన్నలు, అక్కలు ఎక్కువ ఉన్న పిల్లల్లో పుప్పొడి వల్ల వచ్చే ముక్కు అలర్జీ తక్కువ. చిన్ననాటి అంటువ్యాధులే కారణమని ఆయన ఊహ. అది పూర్తిగా రుజువు కాలేదు. యూరప్‌లో పశువుల శాలల మధ్య పెరిగిన పిల్లల్లో కూడా అలర్జీ తక్కువని తేలింది. బాల్యంలో మగపిల్లల్లో ఎక్కువగా ఉండే ఈ జబ్బు, యుక్తవయసు తర్వాత ఆడపిల్లల్లో హెచ్చుతుంది.

వైద్యంలో కూడా తేడాలున్నాయి. తుమ్ములకు, దురదకు హిస్టమిన్ పనిని అడ్డుకునే మాత్ర సరిపోవచ్చు. ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీల్చే పిల్లకు అది అంతగా పనిచేయదు. వాపు తగ్గించే స్టెరాయిడ్ స్ప్రేను వైద్యుడు చెప్పినట్టు రోజూ వాడితే కొన్ని రోజులకు ఫలితం కనిపిస్తుంది.