ఘాట్ రోడ్డులో ఇంజన్ ఎందుకు టకటకలాడుతుంది?

ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు నాలుగో గేరులోనే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడొస్తుంది. గేరు తగ్గించగానే ఆగిపోతుంది. ఎందుకని ఒక పాఠకుడు అడిగారు.

దీన్నే నాకింగ్ అంటారు. సిలిండర్‌లోని పెట్రోల్-గాలి మిశ్రమాన్ని అంటించే స్పార్కు ఏ క్షణాన పడిందన్న దానికీ దీనికీ దగ్గరి చుట్టరికం.

పాఠ్యపుస్తకం బొమ్మలో పిస్టన్ సరిగ్గా పైకొసలో ఉండగా స్పార్కు పడుతుంది. పిల్లలు అదే బట్టీ పడతారు. నిజానికి ముందే పడాలి. మంట ప్లగ్ దగ్గర పుట్టి సిలిండర్ గోడ దాకా పాకడానికి రెండు మూడు మిల్లీసెకన్లు కావాలి. 3000 ఆర్‌పీఎంలో (నిమిషానికి 3000 చుట్లు) ఒక్క మిల్లీసెకనుకే క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) 18 డిగ్రీలు తిరిగిపోతుంది. చుట్టాలు విస్తరి ముందు కూర్చునేసరికి అన్నం ఉడకాలంటే ఎసరు ముందే పెట్టాలి కదా! అందుకే ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు) పైకొసకు సుమారు 10 డిగ్రీల ముందు, వేగం పెరిగితే 30 దాకా ముందు స్పార్కు ఇస్తారు. పైకొస దాటాక 12–16 డిగ్రీల దగ్గర పీడనం గరిష్ఠానికి చేరితే క్రాంక్‌కు మంచి తోపు దొరుకుతుంది.

మరి 6000 ఆర్‌పీఎంలో ఎసరు రెట్టింపు ముందు పెట్టాలా? అక్కర్లేదు. వేగంతోపాటు సిలిండర్‌లో సుడులూ పెరుగుతాయి, అవి పొయ్యిని విసనకర్రతో విసిరినట్టు మంటను తరుముతాయి. ఈ సుడులే లేకపోతే అంత వేగంలో పెట్రోల్ ఇంజన్ నడిచేదే కాదు.

ఎసరు పోలిక ఇక్కడికి చాలు. సైకిల్ పంపు గట్టిగా కొడితే అడుగు భాగం వేడెక్కుతుందని తెలుసుగా? మంట ఇంకా చేరని, సిలిండర్ మూలనున్న మిశ్రమానిదీ అదే గతి. కింది నుంచి పిస్టన్, పక్క నుంచి వ్యాకోచిస్తున్న మండిన వాయువు దాన్ని నొక్కేస్తాయి. మంట వచ్చేలోపే అది తనంతట తాను ఒక్కసారిగా అంటుకుంటే పీడన తరంగాలు గోడలకు కొట్టుకుంటాయి. 80 మిల్లీమీటర్ల బోరులో (సిలిండర్ లోపలి వ్యాసం) ఆ మోత దాదాపు 7 కిలోహెర్ట్జ్. పిస్టన్ నెత్తిని కాపాడే పల్చటి వాయు పొర చెదిరి, వేడి నేరుగా అల్యూమినియంలోకి దిగుతుంది. గుంటలు పడతాయి, రింగుల మధ్య గట్లు విరుగుతాయి.

నాలుగో గేరులో వేగం తక్కువ, సిలిండర్ నిండా మిశ్రమం. తనంతట అంటుకోవడానికి దానికి కావలసినంత వ్యవధి. గేరు తగ్గిస్తే ఒక్కో స్ట్రోకులో మిశ్రమమూ తగ్గుతుంది, వ్యవధీ తగ్గుతుంది.

స్పార్కును ఆలస్యం చేసినా చప్పుడు ఆగుతుంది, ఎందుకంటే పిస్టన్ కిందికి దిగుతుండగా పీడనం పెరుగుతుంది కాబట్టి మూల మిశ్రమానికి నలుగుడు తక్కువ. మరీ ఆలస్యమైతే వేడంతా సైలెన్సర్ దారి పడుతుంది. పికప్, మైలేజీ రెండూ పోతాయి. పాత స్కూటర్లలో పాయింట్ (తెరుచుకోగానే స్పార్కు పుట్టించే స్విచ్చు) గ్యాపు (దాదాపు 0.4 మి.మీ.) పెంచితే స్పార్కు ముందుకు జరిగేది. పాయింట్ మడమ (తిరిగే భాగానికి రాసుకునే కొస) అరిగితే గ్యాపు తగ్గి వెనక్కి పోయేది. ఇప్పుడు చాలా కార్లలో బ్లాకుకు బిగించిన నాక్ సెన్సర్ ఆ మోత పసిగట్టగానే ఈసీయూ (ఇంజన్‌ను అదుపు చేసే కంప్యూటర్) స్పార్కును కొన్ని డిగ్రీలు వెనక్కి లాగి, తర్వాత మెల్లగా ముందుకు జరుపుతుంది.

ఆక్టేన్ ఎక్కువున్న ఖరీదైన పెట్రోల్ పోస్తే ఏ బండికైనా బలం పెరుగుతుందన్నది మూఢనమ్మకాల జాబితాలో చేర్చదగ్గదే. ఆక్టేన్ అంటే తనంతట అంటుకోకుండా ఓర్చుకునే గుణం, అంతే. స్పార్కును ముందుకు జరపగల ఇంజన్‌కే దాని లాభం.

ఇంతకీ వినిపించేది టాపెట్ (వాల్వును తెరిచే భాగం) చప్పుడేమో కూడా చూసుకోండి. అది బండి నిలబడి ఉన్నా వస్తుంది; నాకింగ్ మాత్రం బరువు పడితేనే.