ప్లాస్మా యాక్చువేటర్: కిలోవోల్టులు పెంచడమే పరిష్కారం కాదు

రెండు రాగి టేపు ఎలక్ట్రోడ్ల మధ్య ఇన్సులేటర్ పెట్టి, హై వోల్టేజ్ ఏసీతో ప్లాస్మా పుట్టించి, రెక్క ఉపరితలం మీద గాలిని నెట్టే పరికరమే ప్లాస్మా యాక్చువేటర్. శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుకి ప్లాస్మా యాక్చువేటర్ తీసుకున్నవాళ్లు మొదట అడిగేది "ఎన్ని కేవీ (కిలోవోల్టులు) పెట్టాలి?" అని. మోడళ్లు కాలిపోతున్నది ఈ ప్రశ్న దగ్గరే.

అపోహ: వోల్టేజీ పెంచేకొద్దీ గాలి వేగం పెరుగుతూనే ఉంటుంది.

వాస్తవం: ఊదారంగు వెలుగు ఎలక్ట్రోడ్ అంచు పొడవునా సమానంగా పరుచుకున్నంత వరకే. ఆ తర్వాత వెలుగు పోగులుగా విడిపోతుంది. అక్కణ్ణుంచి పెంచిన పవర్‌లో చాలాభాగం వేడికే పోతుంది. ఒక పోగు ఒకేచోట నిలిచిందా, మధ్యలో ఇన్సులేటర్‌గా ఉండే కాప్టన్ టేపుకి చిల్లు పడ్డట్టే. రివ్యూకి వారం ముందు ఇలా జరిగితే కలిగే కంగారు అర్థం చేసుకోగలం. కానీ కారణం ఎక్కువసార్లు కేవీ కాదు, అతికించిన తీరు. టేపు కింద చిక్కిన గాలి బుడగ దగ్గరో, రాగి టేపు పదునైన మూల దగ్గరో డిశ్చార్జి గుమిగూడుతుంది.

మూలలు గుండ్రంగా కత్తిరించండి. పై ఎలక్ట్రోడ్ 5 మి.మీ., కింది ఎలక్ట్రోడ్ 15 మి.మీ. వెడల్పు చాలు. మధ్యలో 0.06 మి.మీ. కాప్టన్ టేపు నాలుగు పొరలు. ప్రతి పొరనీ పాత ఏటీఎం కార్డుతో ఒత్తి బుడగలు తీసేయండి. కింది ఎలక్ట్రోడ్ అడుగున కూడా టేపుతో మూసేయాలి, లేకపోతే అటువైపూ ప్లాస్మా పుట్టి పవర్ వృథా. 5 కిలోహెర్ట్జ్, 4 కేవీ (అలలో అట్టడుగు నుంచి పైకొస దాకా) పీక్-టు-పీక్‌తో మొదలుపెట్టి అర కేవీ చొప్పున పెంచండి. పోగులు కనిపించగానే ఆపి, వెనక్కి తగ్గండి. ఇంకా బలం కావాలంటే డైఎలక్ట్రిక్ (మధ్యలోని ఇన్సులేటర్) మార్చాలి: మందపాటి టెఫ్లాన్ షీటు, తక్కువ ఫ్రీక్వెన్సీ. అప్పుడే ఎక్కువ వోల్టేజీకి అర్థం ఉంటుంది.

మన తీరప్రాంతపు తేమ ఇంకో లెక్క. ఉదయం వచ్చిన రీడింగు సాయంత్రం రాకపోతే ముందు తేమ చూడండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరాకే స్విచ్ వేయండి. ప్రతి రీడింగు పక్కన తేమశాతం రాయండి.

మిగతావి క్లుప్తంగా. గాలి తగలడం లేదంటే పని చేయనట్టు కాదు: జెట్ ఉపరితలానికి ఒకటి రెండు మి.మీ. ఎత్తులోనే, సెకనుకి కొన్ని మీటర్ల వేగంతో సాగుతుంది. చెయ్యి పెట్టి చూడకండి. స్టాండుకి బిగించిన అగరబత్తి పొగ పైనుంచి ఎలక్ట్రోడ్ వైపు వంగితే చాలు.

స్టాల్ కాని (మీది గాలి ప్రవాహం ఇంకా విడిపోని) రెక్కకి ఇది లిఫ్ట్ (పైకి లేపే బలం) పెద్దగా పెంచదు. ప్రవాహం విడిపోయే చోటికి కాస్త ముందు, చాలావరకు లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందు అంచు) దగ్గర పెట్టాలి. 15 సెం.మీ. కార్డ్ (రెక్క ముందు అంచు నుంచి వెనక అంచు దాకా దూరం), సెకనుకి 10 మీటర్ల గాలి అయితే సుమారు 67 హెర్ట్జ్ పల్స్‌తో (సెకనుకి అన్నిసార్లు ఆన్-ఆఫ్) మొదలుపెట్టండి, డ్యూటీ (ఆన్‌లో ఉండే సమయం) 10 శాతం.

హై వోల్టేజ్ సప్లయ్ కోసం వాడే టీవీ ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్లు చాలావాటిలో డయోడ్ లోపలే ఉంటుంది. వచ్చేది డీసీ, దానితో ప్లాస్మా నిలవదు. ఈ వోల్టేజీ కొలవడానికి మామూలు మల్టీమీటర్ పెడితే మీటరు పోతుంది, మనిషికీ ప్రమాదమే. 1000:1 హై వోల్టేజ్ ప్రోబ్ (వోల్టేజీని వెయ్యో వంతుకి తగ్గించి చూపేది) వాడండి.

భయపడేవాళ్లు భయపడటం సరైనదే. ఒంటరిగా పని చేయొద్దు. సప్లయ్ ఆపి, ఎర్త్ కర్రతో (కొసన ఎర్త్ తీగ ఉన్న ఇన్సులేటెడ్ కర్ర) రెండు ఎలక్ట్రోడ్లూ తాకించాకే మోడల్ ముట్టుకోండి. ఓజోన్ వాసన వస్తే ఆపి కిటికీలు తెరవండి.