నడుము డిస్కులు, బరువు: అపోహలు - వాస్తవాలు

అపోహ: డిస్క్ అంటే రెండు వెన్నుపూసల మధ్య ఇరికించిన రబ్బరు ముక్క.

రబ్బరు కాదు. మధ్యలో నీరు పట్టిన జెల్ ఉంటుంది, చిన్న వయసులో అందులో 80 శాతానికి పైగా నీరే. చుట్టూ 15 నుంచి 25 పొరల కొల్లాజెన్ (గట్టి పీచు ప్రోటీన్) గోడ. ఒక పొరలో పీచులు ఇటు వాలితే, పక్క పొరలో అటు వాలి ఉంటాయి. పైనుంచి బరువు పడగానే జెల్‌లో ప్రెషర్ పెరిగి అన్ని వైపులా తోస్తుంది, ఆ పీచులు బిగుసుకుని ఆపుతాయి. నొక్కుతున్నది పైనుంచే అయినా, గోడ మాత్రం సాగదీతను భరిస్తోందన్న మాట.

అపోహ: బరువెత్తితే ముందు డిస్కే పగులుతుంది.

ల్యాబ్‌లో వెన్నుపూసల జతను నిటారుగా నొక్కుతూ పోతే, మామూలుగా ముందు దెబ్బతినేది డిస్క్ కాదు, దానికి పైనా కిందా, వెన్నుపూసను ఆనుకుని ఉండే పలుచని పలక, ఎండ్‌ప్లేట్. జెల్ వెనక్కి పొడుచుకు రావాలంటే చాలావరకు బరువుతో పాటు ముందుకు వంగడం కూడా తోడవ్వాలి, అదీ మళ్లీ మళ్లీ. అలాగని ఎండ్‌ప్లేట్ విరిగితే తేలిగ్గా తీసుకోవద్దు. జెల్ ప్రెషర్ పడిపోయి, భారం గోడ మీదికి మళ్లుతుంది. డిస్క్ పాడవడం అక్కడ మొదలవ్వొచ్చు.

అపోహ: నిలబడటం కంటే కూర్చోవడమే డిస్కుకు ఎక్కువ భారం.

1960ల నాటి కొలతల నుంచి వచ్చిన మాట ఇది. 1999లో విల్కే అనే పరిశోధకుడి బృందం ఒక వ్యక్తి నడుము డిస్కులో సెన్సార్ పెట్టి లోపలి ప్రెషర్ కొలిచింది. పడుకుంటే 0.1 మెగాపాస్కల్ (ప్రెషర్ కొలమానం), నిలబడితే 0.5, ఆనుకోకుండా రిలాక్స్‌గా కూర్చుంటే 0.46. నడుము వంచి 20 కిలోలు ఎత్తితే మాత్రం 2.3. కొలిచింది ఒక్కరిలోనే కాబట్టి అంకెలను పట్టుకు వేలాడక్కర్లేదు. కానీ కుర్చీని తిట్టేవాళ్లు ఆ చివరి అంకెను ఒకసారి చూడాలి.

అపోహ: నడుము పట్టేసినప్పుడు లేవగానే వంగి కాలివేళ్లు అందుకుంటే మంచిది.

నేను వద్దనే చెబుతాను. రాత్రంతా భారం తగ్గి డిస్క్ నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. పగలు ఆ నీరు మెల్లగా బయటికి పోతుంది. సాయంత్రానికి మనిషి ఎత్తు సుమారు ఒక శాతం తగ్గుతుంది, అందులో సగానికి పైగా లేచిన మొదటి గంటలోనే. ఉబ్బి బిగుతుగా ఉన్న డిస్కును వంచితే వెనక గోడ మీద లాగుడు చాలా ఎక్కువ. ఒక గంట మామూలుగా తిరిగి, ఆ తర్వాత వంగండి.