నిజం చెప్పేవాళ్లకు భయమెందుకు? పాలిగ్రాఫ్‌పై కొన్ని అపోహలు - వాస్తవాలు

పెద్ద కేసు ఏది వచ్చినా టీవీ చర్చల్లో రెండో రోజుకల్లా ఒక డిమాండ్ వినిపిస్తుంది: "అందరికీ లై డిటెక్టర్ పెట్టండి, తేలిపోతుంది." అందరికీ అంటే ముద్దాయికే కాదు, ఫిర్యాదు చేసిన మనిషికీ, కళ్లారా చూసిన మనిషికీ కూడా. ఫోరెన్సిక్ సైకాలజీ విభాగంలో పాలిగ్రాఫ్, అంటే ఆ లై డిటెక్టర్ పరీక్షలు చేసే ఉద్యోగం నాది. నా అభ్యంతరమంతా ఆ "అందరికీ" మీదే.

అపోహ: యంత్రం అబద్ధాన్ని పట్టేస్తుంది.

అబద్ధానికంటూ ఒంట్లో ప్రత్యేకమైన గుర్తేమీ లేదు. ఛాతీకి, పొట్టకు కట్టే గొట్టాలు ఊపిరిని, చేతికి చుట్టే పట్టీ బీపీని, నాడిని, వేళ్లకు తగిలించే ఎలక్ట్రోడ్లు చెమటను నమోదు చేస్తాయి. భయమేసినా, కోపమొచ్చినా, సిగ్గేసినా చార్టు మీద గీత లేస్తుంది. ఎందుకు లేచిందో చెప్పేది ఎగ్జామినరే తప్ప యంత్రం కాదు. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2003లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఒక నిర్దిష్ట ఘటన గురించి అడిగితే ఇది గుడ్డి ఊహ కంటే బాగా మెరుగు, కచ్చితత్వానికి మాత్రం చాలా దూరం. రష్యాకు రహస్యాలు అమ్మిన సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లో, మళ్లీ 1991లో ఈ పరీక్షను దాటేశాడు.

అపోహ: నిజం చెప్పే బాధితురాలికి టెన్షన్ ఎందుకు?

రోజూ వినే మాట ఇదే. ఎక్కువగా వాడే పద్ధతిలో రెండు రకాల ప్రశ్నలుంటాయి. ఒకటి కేసు ప్రశ్న: "బీరువాలో డబ్బు మీరు తీశారా?" రెండోది పోల్చుకోవడానికి అడిగేది: "మిమ్మల్ని నమ్మినవాళ్లకు ఎప్పుడైనా అబద్ధం చెప్పారా?" డబ్బు తీసినవాడు మొదటి ప్రశ్నకు ఎక్కువ కదులుతాడు, తీయనివాడు రెండోదానికి కదులుతాడు. పరీక్ష మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది.

ఇప్పుడు అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేసిన అమ్మాయిని అదే కుర్చీలో కూర్చోబెట్టండి. కేసు ప్రశ్న ఇలా మారుతుంది: "అతను బలవంతం చేశాడని మీరు చెప్పింది అబద్ధమా?" ఆ మాట చెవిన పడగానే ఆ గది, ఆ మనిషి కళ్ల ముందుకొస్తాయి. ఎప్పుడో ఇంట్లోవాళ్లకు చెప్పిన అబద్ధం దాని ముందు ఏపాటి? గీత కేసు ప్రశ్న దగ్గరే లేస్తుంది. లెక్క ప్రకారం ఆమె అబద్ధమాడినట్టు! కొందరిలో మనసు మొద్దుబారిపోయి గీతలు సరిగా కదలనే కదలవు. నిద్రకో ఆందోళనకో డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటూ ఉంటే అదో చిక్కు.

ఆ గదిలో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. తలుపు వేసి ఉంటుంది. పట్టీలోకి గాలి ఎక్కగానే చెయ్యి బిగుస్తుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. "కదలొద్దమ్మా" అంటాం. కదలనివ్వకుండా చెయ్యి పట్టుకున్నాడని ఫిర్యాదు చేసిన మనిషికి మనం పెడుతున్న పరీక్ష ఇది.

"మేడమ్, ఆ అమ్మాయి చెప్పే టైములు కలవట్లేదు, ఒక్కసారి కూర్చోబెట్టండి" అని ఐవోలు (దర్యాప్తు అధికారులు) అడుగుతుంటారు. టైములు కలవకపోతే మళ్లీ నెమ్మదిగా మాట్లాడాలి, కాల్ డేటా, సీసీ కెమెరాలు చూడాలి. నా కుర్చీ అందుకు పనికిరాదు. అమెరికాలో ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, లైంగిక దాడి బాధితులను పాలిగ్రాఫ్‌కు ఒప్పుకుంటేనే దర్యాప్తు చేస్తామనకూడదని 2005 నాటి చట్టంలో కేంద్ర నిధులకు ముడిపెట్టి మరీ రాయాల్సి వచ్చింది.

అపోహ: పోలీసులు అడిగితే కూర్చోవాల్సిందే.

అక్కర్లేదు. సెల్వి కేసులో 2010 మే 5న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ముద్దాయిలకే కాదు, సాక్షులకూ వర్తిస్తుంది. ఎవరినీ బలవంతంగా పాలిగ్రాఫ్‌కు, మందిచ్చి మత్తులో ప్రశ్నించే నార్కోకు, మెదడు స్పందనలు నమోదు చేసే బ్రెయిన్ మ్యాపింగ్‌కు గురిచేయకూడదంది. లైంగిక నేరాల బాధితుల గురించి ప్రత్యేకంగా ప్రస్తావించింది కూడా. అయినా పదేళ్ల తర్వాత, 2020లో హాథ్రస్ కేసులో నిందితులు, పోలీసులతో పాటు చనిపోయిన అమ్మాయి కుటుంబానికీ ఈ పరీక్షలు చేయిస్తామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. కుటుంబం ఒప్పుకోలేదు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు తాము అబద్ధాలాడట్లేదని యంత్రం ముందు నిరూపించుకోవాలా?

అపోహ: అయితే సాక్షులకు అసలు చేయనే కూడదు.

అదీ నిజం కాదు. ఇష్టపడి వస్తే చేయొచ్చు. 2024లో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలి హత్యాచారం కేసులో నలుగురు జూనియర్ డాక్టర్లకు సీబీఐ కోర్టు అనుమతితోనే పరీక్షలు చేయించింది. ఇష్టం అంటే ఏమిటన్నదే ప్రశ్న. స్టేషన్లో "ఫార్మాలిటీయే, సంతకం పెట్టండి" అంటే పెట్టిన సంతకం ఇష్టం కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సమ్మతిని మేజిస్ట్రేట్ ముందు నమోదు చేయాలి, లాయరు అందుబాటులో ఉండాలి, పరీక్ష వల్ల ఏం జరగొచ్చో ముందే చెప్పాలి. మేజిస్ట్రేట్ ముందు కాస్త తడబడి "వద్దండీ" అన్నా చాలు, అక్కడితో ఆగిపోవాలి.

అపోహ: రిపోర్టు వస్తే కేసు తేలినట్టే.

ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితం దానికదే సాక్ష్యం కాదు. దాని ఆధారంగా కొత్తగా ఏదైనా వస్తువో సమాచారమో దొరికితే అది కోర్టులో నిలబడొచ్చు, అంతే. మరోవైపు, బాధితురాలి మాట నమ్మదగినదైతే అదొక్కటే శిక్షకు సరిపోతుందని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్టం నమ్మే మాటకు నా చార్టు సర్టిఫికెట్ ఎందుకు?

అపోహ: వద్దంటే కేసు మూసేస్తారు.

వద్దన్నందుకు కేసు మూసేయమని ఏ చట్టమూ చెప్పదు. వద్దనుకుంటే ఆ ముక్క రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద స్టేషన్లో ముద్ర వేయించుకోండి. ఇదివరకు 164 స్టేట్‌మెంట్ అనేవాళ్లం, ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 183 కింద మేజిస్ట్రేట్ రాసుకునే వాంగ్మూలం. మీ మాటకు బలం కావాలంటే అది ఇవ్వండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయసేవా సంస్థతో కలుపుతారు. సంతకం అడిగిన రోజే ఫోన్ చేయండి, పరీక్ష తేదీ వచ్చేదాకా ఆగొద్దు.