రైఫిల్‌కి చెక్క దేనికంటే

ఒరేయ్ చంటీ, అమ్మడూ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, రైఫిల్ అంతా ఇనుమే అయినప్పుడు వెనకాల ఆ చెక్క దేనికి, అది విరిగితే వేరేది వేసుకోవచ్చా అని. మంచి ప్రశ్న. వేసుకోవచ్చు, కానీ తెచ్చి తగిలించేస్తే అయిపోయే పని కాదు.

మన పార ఉంది కదా, పలక ఎంత మంచిదైనా కామ కుదరకపోతే గట్టు వెయ్యలేం. పొడుగు మనిషికి పొట్టి కామ ఇస్తే సాయంత్రానికి నడుం పట్టేస్తది, పొట్టి మనిషికి పొడుగుది ఇస్తే డొక్కలో పొడుచుకుంటది. రైఫిల్ చెక్కా అంతే. ట్రిగ్గర్ నుంచి మడమ, అంటే భుజానికి ఆనే వెనక కొస, చివరిదాకా కొలిస్తే మామూలుగా 13, 14 అంగుళాలు ఉంటది, కానీ ఎవరి చేతికి వాళ్ళ కొలత. పాత బ్రిటిష్ లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కి వెనక చెక్క నాలుగు సైజుల్లో చేసేవోళ్ళు, బ్యాంటమ్, షార్ట్, నార్మల్, లాంగ్ అని, ఒక్కోదానికి అరంగుళం తేడా. పొడుగైతే మడమ వైపు కోస్తారు, పొట్టిదైతే రబ్బరు ప్యాడ్ వేసి పెంచుతారు, పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బని కూడా ఆ రబ్బరు కొంత తీసుకుంటది. పైన దుర్భిణి బిగిస్తే కన్ను ఇంకాస్త ఎత్తులో ఉండాలి కాబట్టి చెంప ఆనే చోటు కూడా లేపాలి.

కామ వదులైతే మనం చీల కొట్టేస్తాం, తడిపి బిగిస్తాం. రైఫిల్‌కి అది పనికిరాదు. పేలినప్పుడు ఇనుము వెనక్కి తంతది, ఆ తాపు చెక్క మీద సమానంగా పడాలి, ఎక్కడో ఒక్క చోటే ఆనిందా, అక్కడే చీలిపోద్ది.

మా పెద్దనాన్న గారికి లైసెన్సు రైఫిల్ ఉండేది, లంక పొలాల్లో పందులు చెరుకు పాడుచేస్తుంటే పెట్టుకున్నారు. దాని చెక్క చీలితే రాజమండ్రిలో లైసెన్సున్న మేస్త్రి దగ్గరికి నన్నూ తీసుకెళ్ళారు. ఆయన ముందు తూటా పెట్టే చోటుని మూసే బోల్టు లాగి లోపల తూటా లేదని కళ్ళతో చూసి, మళ్ళీ వేలు పెట్టి చూసి, అప్పుడు పని మొదలెట్టాడు. దీపం మసి నూనెలో కలిపి ఇనుముకి రాసి, కొత్త అక్రోటు చెక్కలో కూర్చోబెట్టి తీశాడు. చెక్కకి ఎక్కడ నలుపు అంటిందో అక్కడ మాత్రమే ఉలితో ఉల్లిపొర అంత తీసేవాడు, మళ్ళీ మసి, మళ్ళీ ఉలి, భోజనానికి పిలిచినా లేవలేదు. ఆ ఓపిక చూడ్డానికే నేను ఆయన పక్కన కదలకుండా కూర్చున్నా, పని నేర్చుకోవాలంటే మీరూ అలా కూర్చోండి రా.

తూటా బయటికెళ్ళే గొట్టం దగ్గరకొచ్చేసరికి మాత్రం కామ పోలిక చెల్లదు. చాలా వేట రైఫిళ్ళలో గొట్టం చెక్కకి తగలకుండా సందు ఉంచుతారు, మధ్యలోంచి కాగితం ముక్క జారిస్తే ఎక్కడా ఆగకూడదు. ఎందుకంటే పేల్చినప్పుడు గొట్టం వేడెక్కి వణుకుతది, చెక్కేమో తేమకి ఉబ్బుతది, వానాకాలం మన వీధి తలుపు పట్టేయట్లా. ఉబ్బిన చెక్క గొట్టాన్ని ఓ పక్కకి తోసిందంటే గురి తప్పుద్ది. అందుకే పైపైన మెరుపు కోసం కాదు, లోపలి గాడిలోనూ, మడమ కోసిన చోటా అవిసె నూనె పల్చగా పట్టించి ఆరనిచ్చి మళ్ళీ పట్టిస్తారు. మన గోదావరి గాలికి ఇది తప్పనిసరి. ఇంకోటి, పాత లీ ఎన్‌ఫీల్డ్‌లో గొట్టం కింద ఉండే ముందు చెక్క విప్పకుండా, వెనక చెక్కని బిగించే బోల్టు తిప్పితే ఆ ముందు చెక్క చీలుతది, అవతల మేస్త్రి ఎవరైనా సరే వరస తప్పితే చెక్క ఊరుకోదు.

వేట సంగతి అడక్కండి, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అనుమతి లేకుండా వేటాడితే నేరం, 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీకి లైసెన్సు ఉండాలి, ఉన్నా పెద్దవాళ్ళు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. నాకు ఆ చెక్క పనంటేనే ఇష్టం.

చేత్తో పట్టుకునే చోట చెక్క సన్నబడుతది కదా, అక్కడ చెక్క గీతలు పొడుగునా పారాలి, అడ్డంగా పోతే ఏదో ఒక రోజు అక్కడే విరుగుతది. ఆ గీతలు ఒక్కో చెట్టుకి ఒక్కోలా ఎలా పుడతాయో నా మాటల్లో చెప్పలేను, చూస్తే అబ్బురంగా ఉంటది. ఆదివారం మంచాలు చేసే వడ్రంగి షాపుకి వెళ్ళి, చిత్రిక పట్టిన పలకల మీద గీతలు ఎటు పోతున్నాయో చూపించమని ఆయన్ని అడగండి. బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య